బడి కంప్యూటర్లలో విసుగు పుట్టించే పాఠాలు

సంపాదకుల వారికి,

పాఠశాలల కంప్యూటర్ గదుల్లో ఉన్న పాత డిజిటల్ పాఠాలపై పిల్లలకు ఆసక్తి నిలవడం లేదనీ, నేటి వీడియో గేమ్‌ల ముందు ఆ బొమ్మలు వెలవెలబోవడమే అందుకు కారణమనీ తరచూ వింటున్నాం. గణితం బోధించే ఉపాధ్యాయినిగా నేను దీనితో ఏకీభవించలేను.

భిన్నాల కూడికనే తీసుకోండి. 1/2కు 1/3 కలపమంటే చాలామంది పిల్లలు లవాలను, హారాలను విడివిడిగా కూడి 2/5 అంటారు. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చిందని అడిగితే చాలు, పిల్లవాడు తనంతట తానే ఆలోచనలో పడతాడు. పాత సీడీ పాఠం మాత్రం ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అని ఊరుకుంటుంది. దాంతో వాడు మిగిలిన జవాబులను ఒక్కొక్కటే నొక్కి చూసి, ఆకుపచ్చ టిక్కు కనబడగానే ‘తరువాత’ అన్న బటన్ మీదికి వెళ్లిపోతాడు. మర్నాడు తెరిచినా అవే ప్రశ్నలు, అదే వరుస, దాటవేయడానికి వీల్లేని అదే పరిచయ సంగీతం. ఇక ఆసక్తి ఎలా నిలుస్తుంది?

పాతదనమే కారణమైతే 1967లో పుట్టిన ‘లోగో’ అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాషను పిల్లలు కన్నెత్తి చూడకూడదు. గీతలు తప్ప ఏ హంగూ లేని ఆ తెర మీద, మనం ఆదేశాలిస్తే గీత గీస్తూ కదిలే ‘తాబేలు’ గుర్తును 100 అడుగులు నడిపించి 90 డిగ్రీలు తిప్పడం నాలుగుసార్లు చేస్తే చతురస్రం వస్తుంది. 90కి బదులు 60 కొడితే బొమ్మ మూసుకోదు. ఎందుకో తెలుసుకోవాలని మరో రెండుసార్లు నడిపించిన పిల్లకు షడ్భుజి కనిపిస్తుంది. గంట కొట్టినా మా పిల్లలు లేవనిది ఇలాంటి చోటే.

నిర్వహణ లోపమూ తక్కువది కాదు. 2020 డిసెంబరు 31తో అడోబ్ సంస్థ, కదిలే బొమ్మల పాఠాలను నడిపే తన ‘ఫ్లాష్’ సాఫ్ట్‌వేర్‌కు మద్దతు ఆపేశాక, దానిపై ఆధారపడిన పాఠాలెన్నో తెరుచుకోవడమే మానేశాయి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ‘ఫెట్’ అనే విజ్ఞాన, గణిత డిజిటల్ ప్రయోగాలలో చాలావాటిని జావా, ఫ్లాష్‌ల నుంచి నేటి బ్రౌజర్లు నేరుగా చూపగల హెచ్‌టీఎంఎల్‌5లోకి మార్చారు కనుక అవి నేడు సెల్‌ఫోన్లలోనూ నడుస్తున్నాయి. కానీ పాఠాన్ని అలా మార్చుకోవడానికి కావలసిన మూల ఫైళ్లు చేతిలో లేని బడి ఏం చేయగలదు?

అందుచేత రెండు రాష్ట్రాల విద్యాశాఖలకు నా విన్నపం: కొత్త పాఠాలు కొనేముందు వాటిని కొన్నాళ్లు పిల్లల చేత వాడించి, జవాబు తప్పినప్పుడు ఆ పాఠం ఏమంటున్నదో ఉపాధ్యాయుల చేత పరిశీలింపజేయాలి, మూల ఫైళ్లను ప్రభుత్వానికి అప్పగించాలన్న షరతును ఒప్పందంలోనే రాయించాలి.

– ఒక గణిత ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా