‘అంధులకు చూపు’ అన్నారు సరే, ఎంత చూపు?

సంపాదకులకు నమస్కారం.

కంట్లో ఒక్క ఇంజెక్షన్‌తో అంధులకు చూపు అని మీరు వేసిన వార్త చూసి పొద్దున్నుంచి మా ఇంటికి ఒకటే ఫోన్లు. మా అన్నయ్యకి రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే కంటి వెనక ఉండే రెటినా పొర మెల్లగా పాడైపోయే జబ్బు. రేచీకటితో మొదలై, పక్కచూపు పోయి, చివరికి గొట్టంలోంచి చూస్తున్నట్టు మిగిలిన ఆ కాస్తా పోయి పదేళ్లయింది. ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ ‘ఆ మందు ఇంకా బయటికి రాలేదండీ’ అని చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పరిశోధనను తప్పుపట్టడం లేదు. ఈ జబ్బులో చచ్చిపోయేవి వెలుతురుని పట్టే రాడ్, కోన్ కణాలు. మెదడుకి కబురు పంపే గాంగ్లియన్ కణాలు చాలావరకు బతికే ఉంటాయి, పాపం వాటికి కబురు ఇచ్చేవాళ్లే ఉండరు. వెలుతురు పడగానే ఆకారం మార్చుకునే అజోబెంజీన్ రకం మందు ఎక్కిస్తే, అది ఆ కణాల అయాన్ చానళ్ల దగ్గర, అంటే విద్యుత్ కబురు పుట్టించే సన్నటి ద్వారాల దగ్గర, స్విచ్‌లా పనిచేస్తుంది. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీ శాస్త్రవేత్త రిచర్డ్ క్రేమర్ బృందం 2012లో చూపులేని ఎలుకల్లో దీన్ని చేసి చూపించింది. అప్పటి మందుకి కళ్లు చెదిరే కాంతి కావాల్సి వచ్చేది, 2014లో వచ్చిన డెనాక్ అనే ఇదే రకం మందుకి మామూలు వెలుతురు సరిపోయింది. పైగా ఏ జన్యువు చెడిందన్నదానితో దీనికి పనిలేదు. 2017లో అమెరికా అనుమతించిన లక్స్‌టర్నా అనే జన్యుచికిత్స అలా కాదు, ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపం ఉన్నవాళ్లకే, అదీ రెటినా కణాలు ఇంకా బతికుంటేనే.

అయితే ఇదే రకానికి చెందిన కేఐఓ-301 అనే మందుని మనుషుల మీద మొదటిసారి ఆస్ట్రేలియాలో పరీక్షించినప్పుడు వేయించుకున్నది ఆరుగురు. ముఖ్యంగా చూసింది ప్రమాదం ఉందా లేదా అని. ఇలాంటి పరీక్షల్లో చూపు అంటే వెలుతురు ఎటుంది, తలుపు ఎక్కడుంది అన్నంతవరకే, పేపరు చదవడం కాదు. అదేం తక్కువ కాదు లెండి, గదిలో లైటు వేసుందో లేదో నిన్ను అడక్కుండా తెలిస్తే చాలంటాడు అన్నయ్య.

మందు ప్రభావం కొన్నాళ్లకి తగ్గిపోతుంది, మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. మధ్యలో కంపెనీ తయారీ ఆపేస్తే? 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఆర్గస్-2 కృత్రిమ రెటినాని సెకండ్ సైట్ కంపెనీ 2019లో ఆపేసింది, కంట్లో పరికరం ఉన్నవాళ్లు రిపేరుకి దిక్కులేక మిగిలిపోయారు. ఇవి రాయడానికి మీకు నాలుగు లైన్లు చాలు.

మీ వార్తని అన్నయ్య నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. ‘ఎన్నాళ్లు ఉంటుందిట?’ అని అడిగాడు. మూడోసారి వెతికాను, అందులో లేదు.

– ఒక పాఠకురాలు