మైదాన పరిరక్షణపై కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మన మైదానంలో రోడ్డు వైపున ఉన్న భాగాన్ని వాణిజ్య సముదాయానికి కేటాయించాలన్న ప్రతిపాదన వెలుగులోకి వచ్చిన నాటి నుంచి, దానిని నిలువరించడమే కార్యవర్గానికి ప్రధాన బాధ్యత అయింది. సంక్రాంతి పరుగు పందేలు, పిల్లల వేసవి శిక్షణ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టికను సభలో విడిగా సమర్పిస్తున్నందున ఇక్కడ మైదానం సంగతికే పరిమితమవుతున్నాను.

“తీసుకునేది కొద్ది భాగమే, మిగిలినదంతా మీకే ఉంటుంది” అన్న మాట మనకు పదే పదే వినిపించింది. ఈ మాటలో న్యాయం ఉన్నట్టు కనిపించినా కొలతలు దానిని ఒప్పుకోవు. 400 మీటర్ల ప్రామాణిక ట్రాక్‌లో 84.39 మీటర్ల తిన్నని భాగాలు రెండు, 36.50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులు రెండు ఉంటాయి. అంటే లోపలి అంచు వరకే 157 మీటర్లకు పైగా పొడవు, 73 మీటర్ల వెడల్పు అవసరం. ఆపైన వేసే ఒక్కొక్క లేనుకు ఇరువైపులా 1.22 మీటర్ల చొప్పున చోటు కావాలి. మన స్థలం ఇందుకు బొటాబొటిగా సరిపోతున్నది కనుక, ఒక పక్కన దుకాణాల వరుస లేస్తే మొత్తం ట్రాక్‌నే వదులుకోవలసి వస్తుంది. కానిస్టేబుల్ ఉద్యోగాలకు 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్న మన యువతీ యువకులకు నాలుగు చుట్లు సరిగ్గా కొలిచి పరుగెత్తే చోటు ఈ చుట్టుపక్కల మరొకటి లేదు. కాలువ గట్టు రోడ్ల మీద తెల్లవారుజామున లారీల మధ్య పరుగెత్తమని ఏ తల్లిదండ్రులూ తమ బిడ్డలకు చెప్పలేరు. సార్వా, దాళ్వా పంటలతోనూ చేపల చెరువులతోనూ ఏడాదిలో అధిక భాగం నీరు నిలిచి ఉండే ఈ ప్రాంతంలో ఆరిన చదును నేల దొరకడమే అరుదు.

ప్రత్యామ్నాయంగా ఊరి వెలుపల ఒక పల్లపు పొలాన్ని మెరక చేసి ఇస్తామన్నారు. కార్యవర్గ సభ్యులు వెళ్లి చూశారు. అది తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే నల్లమట్టి నేల. పైన గ్రావెల్ పోసి రోలర్ తిప్పినా అడుగునున్న బంకమట్టి కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. వాన నీరు పోవడానికి మురుగు కాలువ కూడా దగ్గరలో లేదు. సాయంత్రాలు ఆడపిల్లలు ఒంటరిగా అంత దూరం వెళ్లి రావడం కష్టమని తల్లులు చెప్పిన మాటను నేను అన్నిటికన్నా బలమైన అభ్యంతరంగా భావిస్తున్నాను.

2005 సమాచార హక్కు చట్టం కింద అడంగల్ (గ్రామ భూమి రికార్డు), ఎఫ్‌ఎంబీ (భూమి కొలతల పుస్తకం), పురపాలక కౌన్సిల్ తీర్మానం నకళ్ల కోసం దరఖాస్తు చేశాము. 30 రోజుల గడువులో కొన్ని పత్రాలు మాత్రమే అందినందున మొదటి అప్పీలు వేశాము. అందిన రికార్డులో ఈ భూమి పోరంబోకుగా ఉన్నదే తప్ప ఆటస్థలమన్న మాట ఎక్కడా లేదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. ఎంత కాలం ఆడుకున్నా కాగితం మీద పేరు లేని మైదానాన్ని ఖాళీ జాగాగా లెక్కగట్టడం అధికారులకు తేలిక. అందువల్ల మాస్టర్ ప్లాన్‌లో దీనిని క్రీడా వినియోగానికి కేటాయించాలని లిఖితపూర్వకంగా కోరాము. భూమిపై యాజమాన్యాన్ని సంఘం కోరడం లేదు. అది ప్రజల ఆస్తిగా, ఆటస్థలంగానే ఉండాలన్నదే మన అభ్యర్థన.

పట్టణానికి ఆదాయం అవసరమని మనకూ తెలుసు. అయితే ఆటస్థలాలు కల్పించడం రాజ్యాంగం 12వ షెడ్యూలు పురపాలక సంస్థలకు అప్పగించదగినవిగా పేర్కొన్న పనుల్లో ఒకటి. పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదని, దానిని ప్రశ్నించే హక్కు ఆ ప్రాంత నివాసులకు ఉన్నదని సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో తీర్పు ఇచ్చింది. మన స్థలానికి అటువంటి కేటాయింపు ఇంకా లేదు కాబట్టే మాస్టర్ ప్లాన్‌లో నమోదుకు ఇంత ప్రాధాన్యం ఇస్తున్నాము.

సరిహద్దులు తేల్చి రాళ్లు పాతించేందుకు సర్వేకు రుసుము చెల్లించాము. కొలతల రోజున వీలైనంత మంది సభ్యులు హాజరు కావాలి. మైదానంలో జరిగిన పోటీల పాత ఫొటోలు, కరపత్రాలు, తేదీలున్న ప్రశంసాపత్రాలు ఎవరి దగ్గర ఉన్నా ఈ నెలాఖరులోగా కార్యాలయంలో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నకలు తీసుకుని అసలు ప్రతులను రసీదు ప్రకారం తిరిగి అందజేస్తాము.