కీబోర్డు ఎవరి చేతిలో ఉంది?

సంపాదకులకు,

అమ్మాయిలకు టెక్నాలజీ అంటే ఆసక్తి తక్కువని తీర్మానించే పెద్దలు ఒక్క పీరియడ్ సేపు కంప్యూటర్ ల్యాబ్‌లో నిలబడి చూడాలి. యంత్రాలు చాలక ముగ్గురు నలుగురు ఒకదాని ముందు కూర్చునే చోట, కీబోర్డు అబ్బాయి దగ్గర, రికార్డు పుస్తకం అమ్మాయి దగ్గర ఉంటాయి. ఆమె దస్తూరి బాగుంటుందట! ప్రోగ్రాం మొరాయించి తెర మీద ఎర్రర్ వచ్చినప్పుడు, అది ఏ లైన్లో ఉందో వెతికి, మార్చి, మళ్లీ నడిపి చూడటంలోనే కోడింగ్ ఒంటబడుతుంది. సరిగ్గా ఆ పనే ఆమె చేతికి రాదు. ఏడాది తిరిగేసరికి అతనికి చేయి తిరుగుతుంది, ఆమెకు రికార్డు నిండుతుంది.

దీన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. పదిహేను నిమిషాలకోసారి కుర్చీలు మార్పించాలి. పక్కన కూర్చున్నవారు ఏం టైప్ చేయాలో నోటితో చెప్పాలే తప్ప కీబోర్డు మీద చేయి వేయకూడదు. ఈ నియమం ముందుగా తప్పేది ల్యాబ్ సిబ్బందే. సందేహం అడిగిన పిల్ల చేతిలోని మౌస్ తీసుకుని, చకచకా సరిచేసి వెళ్లిపోతారు. సాయం చేశామనే అనుకుంటారు పాపం. ఆ పిల్లకు మాత్రం ఇది తన వల్ల కాదన్నదే మిగులుతుంది. రెండు వారాలయ్యాక పట్టించుకోకపోతే పాత కుర్చీలే మళ్లీ ఖాయమవుతాయి.

అలాగని అమ్మాయిలకు వేరే బ్యాచ్ పెట్టి సిలబస్ తేలిక చేయడం ఇంకా పెద్ద తప్పు. విడదీయాల్సింది అనుభవాన్ని బట్టి. ఇంట్లో ముందే కంప్యూటర్ పట్టినవారి పక్కన కొత్తవారిని కూర్చోబెడితే, అవతలివారి అలవాటునే తెలివి అని భ్రమపడి వెనక్కి తగ్గుతారు. అమెరికాలోని హార్వే మడ్ కాలేజీ తొలి కోర్సును అనుభవాన్ని బట్టి విడగొట్టి, జావా అనే ప్రోగ్రామింగ్ భాష బదులు పైథాన్ భాష పెట్టి, క్లాసులో తమ పాండిత్యం చూపించుకునే కుర్రాళ్లను విడిగా పిలిచి సముదాయించింది. కంప్యూటర్ సైన్స్ తీసుకునేవారిలో సుమారు 10 శాతంగా ఉన్న అమ్మాయిలు కొన్నేళ్లలోనే 40 శాతానికి చేరారు. పుట్టుకతోనే ఆసక్తి లేకపోతే ఈ అంకె ఇలా కదిలేది కాదు. అసలు 1940లలో ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌కు మొదట ప్రోగ్రాములు సిద్ధం చేసింది ఆరుగురు మహిళలు. అప్పట్లో అది గుమాస్తా పని కింద లెక్క, అందుకే ఎవరూ అడ్డు చెప్పలేదు.

తనిఖీకి వచ్చే అధికారులు ల్యాబ్‌లో యంత్రాలెన్నో రాసుకుని వెళ్తున్నారు. తాము వెళ్లిన సమయానికి ఒక్కో కీబోర్డు ముందు ఎవరున్నారో కూడా ఆ ఫారంలో ఒక గడి చేర్చాలి.

ఇట్లు,
కంప్యూటర్ బోధకులు