2024–25 వార్షిక నివేదిక
(పాత కట్టడాల వారసత్వం కోసం పనిచేసే మన సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చదివినది)

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, వీలు చేసుకుని వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

ఏడాది మొదట్లో వేసుకున్న కార్యక్రమాల్లో సగం బుడమేరు వరద పాలయ్యాయి. 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్, పాయకాపురం వైపు మునిగినప్పుడు మునిగిన ఇళ్లలో మన సభ్యులవీ ఉన్నాయి. ఆ నెలంతా సంఘం పని అంటే మంచినీళ్లు, మందులు, దుప్పట్లు చేరవేయడమే. పులిహోర వండి పంపిన పటమట మహిళా సభ్యులకు, అడక్కుండానే ట్రాలీ ఆటో ఇచ్చిన సభ్యుడికి సంఘం రుణపడి ఉంటుంది. మొగల్రాజపురం గుహల నడక, బాపు మ్యూజియం సందర్శన జరిగాయి. ఫొటోలు అందరూ చూసే ఉంటారు.

ఇక ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోవాల్సింది రైవస్ కాలువ గట్టున మూతపడి ఉన్న పాత బియ్యం మిల్లు గురించి. యజమాని కుటుంబం వారు తాళాలు మన చేతికిచ్చి, ఒక ఆదివారమంతా లోపల తిరగనిచ్చారు. తమ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మధ్యాహ్నం మజ్జిగ కూడా వారే పంపారు.

అక్కడ ఇంజను డ్రైవరుగా పనిచేసిన పెద్దాయన మన వెంట రాకపోయి ఉంటే ఎవరో ఒకరికి కాలు విరిగేది. ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్ల కింద గుంటల నిండా ఊక పేరుకుని అచ్చం నేలలాగే ఉంది. ఆయన కర్రతో పొడుస్తూ ముందు నడిచారు, మేం ఆయన అడుగులో అడుగు వేశాం.

రోడ్డు మీది నుంచి మనం రోజూ చూసేది ఆ మిల్లు వీపు. దాని అసలు వాకిలి కాలువ వైపు ఉంది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. ధాన్యం పడవల్లో వచ్చి ఇక్కడి రాతి మెట్ల దగ్గర దిగేది. లారీలొచ్చాక ఆ వాకిలిని ఇటుకలతో పూడ్చేశారు. మెట్లు ఇంకా నీళ్లలోకి దిగే ఉన్నాయి.

బాయిలరు ఎప్పుడో అమ్మేశారు. దిమ్మె, పొగగొట్టం మిగిలాయి. ధాన్యం తూకంలో అయిదో వంతు దాకా ఊకే గనక, కట్టెలు కొనే పని లేకుండా దాన్నే మండించి ఆవిరి పుట్టించేవారు. కరెంటొచ్చాక ఇంజను తీసేసి ఆ చోటే ఒక పెద్ద మోటారు బిగించారు. మిగతాదేదీ మార్చలేదు. మిల్లు పొడుగునా ఒకటే షాఫ్టు, దాని మీంచి బెల్టులు. ఏదైనా ఒక యంత్రాన్ని ఆపాలంటే మోటారు ఆపరు, కర్రతో బెల్టును పక్కనే ఊరికే తిరిగే ఖాళీ పుల్లీ మీదికి తోస్తారు. పెద్దాయన తోసి చూపించారు. ఇన్నేళ్ల తుప్పులోనూ ఆ పుల్లీ తిరిగింది! బెల్టు జారుతుంటే గుగ్గిలం పొడి చల్లేవారట.

మూలన పాత హల్లర్లు, మధ్యలో పొట్టు మాత్రమే ఒలిచే రబ్బరు రోలర్ల షెల్లరు ఉన్నాయి. హల్లర్లో పొట్టు తీయడం, పాలిష్ పట్టడం ఒక్కసారే జరిగిపోతాయి. నూక ఎక్కువ పడుతుంది, తవుడులో ఊక కలిసిపోతుంది, అలాంటి తవుడు నూనె మిల్లువాళ్లకు పనికిరాదు. షెల్లరొచ్చాక ఊక వేరు, తవుడు వేరు. 1958 నాటి బియ్యం మిల్లుల నియంత్రణ చట్టానికి తర్వాత చేర్చిన నిబంధనలు మిల్లర్లను ఈ దారి పట్టించాయి. రెండు కాలాల యంత్రాలూ ఒకే కప్పు కింద చెక్కుచెదరకుండా ఉండడమే ఈ మిల్లు ప్రత్యేకత. గుమాస్తా గదిలో లెవీ రిజిస్టర్లు దొరికాయి. ఆడించిన బియ్యంలో ఒక దశలో 75 శాతం దాకా ప్రభుత్వానికి ఇవ్వాల్సి వచ్చిన రోజులవి. 2015 అక్టోబరు నుంచి లెవీ లేదు. చెదలు వదిలిన మేరకు వాటిని స్కాన్ చేయాలి.

స్కాన్ ఎవరు చేస్తారు? వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టినవారిలో సగం మంది కూడా ఆ ఆదివారం రాలేదు. వచ్చినవారిలో కొందరు పొగగొట్టం ముందు సెల్ఫీ దిగి, టిఫిన్ పొట్లం అందుకుని కనిపించకుండా పోయారు. టేపు పట్టి కొలతలు తీసింది ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు, డెబ్భై దాటిన ఇద్దరు జీవిత సభ్యులు. వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వారసత్వ కట్టడంగా గుర్తించమని ఒక కార్యాలయంలో అర్జీ ఇస్తే, "గుడి కాదు, కోట కాదు, మిల్లేంటండీ?" అన్నారు. అర్జీ ఇప్పుడు ఏ సెక్షన్లో ఉందో ఆ సెక్షన్ వారికైనా తెలుసో లేదో. మూడుసార్లు జిరాక్స్ మాత్రం తీయించుకున్నారు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కోశాధికారి గారు కాగితాలు పంచారు, చూసుకోగలరు. సొసైటీల చట్టం ప్రకారం దాఖలు చేయాల్సినవి చేశాం. చందా బకాయి ఎవరిదో పైకి చదవడం లేదు, వారికే తెలుసు.

యజమానుల ఇంట్లో స్థలం అమ్మకం మాటలు నడుస్తున్నాయి. ఇనుము తూకానికి అడిగినవాళ్లూ వచ్చి వెళ్లారట. పై అంతస్తులో జల్లెడల గది కొలతలు, పాత ముఠా కూలీల మాటల రికార్డింగు ఈలోపే పూర్తవ్వాలి. పైకెక్కే చెక్క మెట్లు పుచ్చిపోయాయి. కార్తీక వనసమారాధనకు పట్టుకెళ్లిన మన అల్యూమినియం నిచ్చెన ఎవరింట్లో ఉందో దయచేసి ఈ వారంలో ఆఫీసుకు చేర్చండి, వచ్చే ఆదివారం దానితోనే పని.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ