ట్రింకోమలీ ఓడ నమూనా పూర్తయింది, కొండపల్లి బాబాయి గారికి, పిన్నికి థాంక్స్

పద్నాలుగు నెలల పని మొన్న రాత్రి ఒక కొలిక్కి వచ్చింది. ట్రింకోమలీ అనే పాతకాలపు బ్రిటిష్ యుద్ధనౌకకి నేను చేసిన చెక్క నమూనా మా సత్యనారాయణపురం ఇంట్లో బల్ల మీద మూడు తెరచాప కొయ్యలతో నిలబడి ఉంది. ఫోటోలు చూసి అందరూ నన్నే మెచ్చుకుంటున్నారు గానీ, ఇందులో ఎవరి చెయ్యి ఎంతుందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఈ ఓడే ఎందుకంటే, ఇది మన గడ్డ మీద పుట్టింది. నెపోలియన్ యుద్ధాల రోజుల్లో ఇంగ్లండులో ఓక్ కలపకి కరువొస్తే, బొంబాయిలో జంషెడ్‌జీ బొమన్‌జీ వాడియా మలబారు టేకుతో కట్టి 1817లో నీళ్లలోకి దించాడు. ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది! అసలుది టేకు కాబట్టి నాదీ టేకే కావాలని పట్టుబట్టాను. 150 అడుగుల ఓడని 75వ వంతుకి కుదిస్తే రెండడుగులు, ఓడ ఒంటికి కప్పే టేకు బద్దలు ముక్కు దగ్గర వంపు తిప్పే చోట టప్పున విరిగిపోయేవి, వేడినీళ్లలో నానబెట్టినా అంతే. ముప్ఫై బద్దలు పోయాక గుడ్డలో చుట్టి అటకెక్కించి రెండు నెలలు అటు చూడలేదు.

మా అత్తయ్య పోరు పెడితే కొండపల్లి బొమ్మల కాలనీకి పట్టుకెళ్లాను. బాబాయి గారు (పేరు రాయొద్దన్నారు) ఓడని ఒళ్లో పెట్టుకుని పక్కటెముకల మీద వేలితో నిమిరి, ఒక కాగితం ముక్క అడిగారు. దాన్ని నడుం చుట్టూ తిప్పి ఒక గుర్తు, ముక్కు దగ్గర తిప్పి ఇంకో గుర్తు పెట్టారు. రెండోది సగానికే వచ్చింది. "చూశావా బాబూ, ఇక్కడ ఇరవై బద్దలు పట్టే చోటు అక్కడికెళ్లేసరికి సగమైపోయింది. అన్నీ ఒకే వెడల్పుంటే ఎక్కడ ఇముడుతాయి? చివర్లు సన్నం చెయ్యి. టేకుతో దెబ్బలాడకు, లోపల మెత్తది వేసి పైన నీకిష్టమైంది కప్పుకో" అన్నారు.

అలా లోపలి వరసంతా తెల్లపొణికి (కొండపల్లి బొమ్మలు చేసే మెత్తటి కర్ర) అయింది. గుంటలు పడ్డ చోటల్లా ఆయనే మక్కు పెట్టారు, అదే, చింతగింజల పిండి ఉడికించి రంపపు పొట్టు కలిపి బొమ్మలకి చేతులూ కాళ్లూ అతికేది. ఆరాక గరుకు కాగితం పడితే కోడిగుడ్డులా నున్నగా వచ్చింది. దాని మీద పల్చటి టేకు పొర ఒక్కటి కూడా విరగలేదు. డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

ఫిరంగి గొట్టాలు ఆటోనగర్‌లో లేత్ పట్టే తమ్ముడు ఇత్తడి కడ్డీలోంచి తీసిచ్చాడు, అతనికీ థాంక్స్.

ఇక తెరచాప కొయ్యల మీదికి ఎక్కే తాళ్ల నిచ్చెనలు. అడ్డతాడు నిలువుతాడుని దాటే ప్రతిచోటా ఒక క్లోవ్ హిచ్ ముడి పడాలి, వెయ్యికి పైనే. నా దారం నూగు లేచి బొంత దారంలా ఉండేది, ముడి బిగిస్తే నిలువుతాళ్లు లోపలికి లాక్కుపోయేవి. మగ్గం వర్క్ చేసే మా పక్కింటి పిన్ని చూసి, దారాన్ని తేనెమైనం ముద్ద మీదుగా రెండుసార్లు లాగింది, నూగంతా అణిగిపోయింది. వెనక గీతలు గీసిన అట్టముక్క పెట్టి, "ముడి నిలబడితే చాలు నాన్నా, బిగించకు" అని పక్కన కూర్చుని మొదటి వరసంతా నాతో వేయించింది. వారం రోజులు తన పని అయ్యాక రోజూ వచ్చింది.

బాబాయి గారూ, ఆదివారం ఓడ పట్టుకుని వస్తున్నాను. ఎడమ పక్క కింద బెత్తెడు మేర టేకు కప్పకుండా వదిలేశాను, మీ మక్కు అక్కడ కనిపిస్తుంది.