ఫినాయిల్ డబ్బాలకి లెక్క ఉంది, మనుషుల లెక్క ఎవరు అడగాలి?

ఎడిటర్ గారికి నమస్తే,

మీ జిల్లా పేజీలో నెలకోసారైనా ఒక వార్త వస్తది, ఫలానా ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ వాళ్ళకి మూడు నెలల నుంచి జీతాల్లేవు, కలెక్టరేట్ ముందు ధర్నా చేసిన్రు, వినతిపత్రం ఇచ్చిన్రు అని. పక్కన ఒక ఫోటో. ఆ ఫోటోని ఎప్పుడైనా కొంచెం ఆగి చూశారా సార్, కింద ఎండలో పట్టా మీద కూర్చున్నది దాదాపు అందరూ ఆడవాళ్ళే ఉంటరు, పక్కన నిలబడి మైకు పట్టుకున్నది మగవాళ్ళు. జీతం లేటయిందని రాస్తున్నారు, సంతోషమే, కానీ అసలు ఆ పట్టా మీద కూర్చున్నది ఎవరు, వాళ్ళకి ఎంత రావాలి, ఎంత వస్తుంది అని ఎవ్వరూ అడగట్లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను కరీంనగర్ జిల్లాలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఏడేళ్ళ నుంచి అవుట్‌సోర్సింగ్ మీద డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా చేస్తున్నా. ఆఫీసు పేరు, ఏజెన్సీ పేరు రాయట్లేదు, రాస్తే రేపు పొద్దున గేటు దగ్గరే నా ఐడీ కార్డు గుంజుకుంటరు, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. ప్రతి నెలా అటెండెన్స్ షీటు, ఏజెన్సీ బిల్లు టైప్ చేసేది నేనే. అంటే నా జీతం బిల్లు నేనే కొట్టుకుంటా, అది ట్రెజరీలో ఎప్పుడు పాసయితదో మాత్రం నాకు తెల్వదు.

ఆ బిల్లు ఎట్లుంటదో చెప్తా. ఫినాయిల్ ఎన్ని లీటర్లు, బ్లీచింగ్ పౌడర్ ఎన్ని బస్తాలు, చీపుర్లు ఎన్ని, పొడుగు కర్రవి ఎన్ని పొట్టివి ఎన్ని, ఏ బ్రాండు, దేనికి ఎంత రేటు, అన్నీ ఉంటయి, ఒక్క చీపురు తక్కువొస్తే మా స్టోర్ కీపర్ సంతకం పెట్టడు. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఒకటే లైను. ‘శానిటేషన్ మ్యాన్‌పవర్, 14’. యూనిట్ కాలమ్‌లో ‘నంబర్స్’ అని ఉంటది, ఫినాయిల్‌కి లీటర్లు ఉన్నట్టు. ఆ పద్నాలుగు మంది ఆడోళ్ళా మగోళ్ళా, ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారు, ఎవరి ఖాతాలో ఎంత పడింది, ఏమీ ఉండదు. అడిగే గడి కూడా ఫార్మాట్‌లో లేదు.

నాకు వాళ్ళు రోజూ కనపడతరు కాబట్టి నేను చెప్పగలను. పద్నాలుగులో పదమూడు మంది ఆడవాళ్ళు, ఒక్కాయన పెద్దమనిషి. పదకొండు మంది ఎస్సీ కాలనీ నుంచే వస్తరు, మిగతా వాళ్ళు బీసీలు. వీళ్ళ మీద సూపర్‌వైజర్లు ఇద్దరు, ఇద్దరూ మగవాళ్ళే, ఇద్దరూ ఏజెన్సీ ఓనర్ ఊరోళ్ళు, ఆయనకి వరసకి ఏదో అయితరు కూడా. డ్రైవర్లు నలుగురు మగవాళ్ళు. ఎలక్ట్రీషియన్, మోటర్ ఆపరేటర్ మగవాళ్ళు. ఆడోళ్ళు చీపురు దగ్గరా కంప్యూటర్ దగ్గరా తప్ప ఇంకెక్కడా లేరు. దీన్ని ఎవరూ కూర్చుని ప్లాన్ చేయలేదు నిజమే, కానీ ఏడేళ్ళలో మూడు ఏజెన్సీలు మారినా ఈ లెక్క మాత్రం మారలేదు.

ఇప్పుడు దీనికి జీతాలు కలపండి. మన రాష్ట్రంలో 2021 జూన్‌లో జీవో 60 వచ్చింది, అవుట్‌సోర్సింగ్ వాళ్ళని మూడు గ్రూపులు చేసి 15,600, 19,500, 22,750 అన్నారు. అంతకుముందు 2016లో పెట్టిన 12,000, 15,000, 17,500కి ముప్పై శాతం కలిపారన్నమాట. మా దగ్గర ఊడ్చేవాళ్ళు 15,600 గ్రూపు, డ్రైవర్లు, మా ఆపరేటర్లు 19,500 గ్రూపు. కాగితం మీద ఆడ మగ తేడా ఎక్కడా లేదు, చట్టంలో కూడా 1976 నుంచి సమాన పనికి సమాన వేతనం అనే ఉంది. కానీ కింది గ్రూపులో దాదాపు అందరూ ఆడోళ్ళే, పై గ్రూపులో ఎక్కువ మంది మగోళ్ళే అయితే, జీవోలో లేని తేడా ఖాతాల్లో వచ్చేస్తది కదా. పొద్దున 6 గంటలకొచ్చి బాత్‌రూములు కడిగే పని నైపుణ్యం లేని పని అంట, దాన్ని నిలబడి చూసే పని నైపుణ్యం ఉన్న పని అంట.

ఆ 15,600 అయినా చేతికి వస్తుందా అంటే అదొక కథ. పీఎఫ్ లెక్కకి తీసుకునే గరిష్ఠ జీతం 15,000, దాని మీద ఉద్యోగి వాటా 12 శాతం 1,800, ఈఎస్ఐ 0.75 శాతం 117. ఇవి పోను 13,683 ఖాతాలో పడాలి. యజమాని వాటా, అంటే పీఎఫ్ 13 శాతం 1,950, ఈఎస్ఐ 3.25 శాతం 507, ఇవి ఏజెన్సీ కట్టాలి, దానికి డబ్బులు కూడా బిల్లులో డిపార్ట్‌మెంట్ దగ్గర వేరేగా తీసుకుంటున్నారు, నేనే టైప్ చేస్తా కాబట్టి నాకు తెలుసు. పోయినేడు ఒక అక్క తన బ్యాంక్ పాస్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, ‘ఇది చూడు చెల్లె, నాకు లెక్క తప్పుతుందా వాళ్ళకి తప్పుతుందా’ అంది. పడింది 11,226. కాలిక్యులేటర్ తీసి కూర్చున్నా. రెండు వాటాలూ ఆమె జీతంలోనే కోశారు, 1,800, 1,950, 117, 507 అన్నీ తీసేస్తే సరిగ్గా అంతే వస్తది. అంటే ఒక్కో మనిషి మీద నెలకి 2,457 రూపాయలు, పద్నాలుగు మందికి 34,398. సూపర్‌వైజర్‌ని అడిగితే ‘అందరికీ అట్లనే కట్ అయితది’ అన్నాడు. ఆయన సొంత జీతంలో కట్ అయిందా అని అడిగితే ఫోన్ మోగిందని బయటికి పోయాడు.

ఇంకో లెక్క కూడా చూడండి. ఒక ఊడ్చే మనిషికి డిపార్ట్‌మెంట్ పెట్టే ఖర్చు 15,600, యజమాని వాటాలు కలిపితే 18,057, దాని మీద జీఎస్టీ 18 శాతం 3,250, మొత్తం 21,307, ఏజెన్సీ కమీషన్ ఇంకా ఇందులో కలపలేదు. ఆ మనిషికి అందేది పదకొండు వేల చిల్లర. 2020 పీఆర్సీ (జీతాల సవరణ) ప్రకారం రెగ్యులర్ అటెండర్ మొదటి నెల బేసిక్కే 19,000, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. ప్రభుత్వానికి ఏదో మిగులుతుందని కదా ఈ అవుట్‌సోర్సింగ్ పెట్టింది. ఎంత మిగులుతుందో నాకైతే ఈ అంకెల్లో కనపడట్లేదు. ఆంధ్రాలో మధ్యలో ఏజెంట్లు వద్దని 2020 జులైలో ఆప్కాస్ అని ప్రభుత్వ అవుట్‌సోర్సింగ్ కార్పొరేషన్ పెట్టారు, అందులో సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనార్టీలకి, సగం ఆడవాళ్ళకి అన్నారు, ఆ ఆలోచన మంచిదే. కానీ అక్కడ కూడా 2022 జనవరిలో కింది కేటగిరీకి పెట్టింది 15,000, అదే ఏడాది పీఆర్సీలో రెగ్యులర్ వాళ్ళ కనీస బేసిక్ 20,000. ఏజెంట్ పోయినా ఆ గ్యాప్ పోలేదు.

ఆసుపత్రుల సంగతి ఇంకా వేరు. అక్కడ శానిటేషన్ కాంట్రాక్ట్ మనిషికి ఇంత అని కాదు, బెడ్డుకి ఇంత అని ఇస్తారు. 2022లో బెడ్డుకి నెలకి 5,000 ఉన్నదాన్ని 7,500 చేశారు. వినడానికి బాగుంది, కానీ బెడ్డు లెక్కన డబ్బులిస్తే కాంట్రాక్టర్ ఏం చేస్తడు, మనుషులెంత తగ్గితే ఆయనకి అంత మిగులు. మా చిన్నమ్మ ఒక ఆసుపత్రిలో చేస్తది, ముగ్గురు చేసే వార్డు ఇద్దరు చేస్తున్నరు, మూడో మనిషి పేరు అటెండెన్స్‌లో ఉందో లేదో వాళ్ళకి తెల్వదు. అటెండెన్స్ రిజిస్టర్ వాళ్ళకి చూపించరు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ఆఫీసే కట్టాలని ఉండేది, జీతాలిచ్చేటప్పుడు ఆఫీసు తరఫు మనిషి అక్కడ ఉండాలని ఉండేది. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా అట్ల మా ఆఫీసు మనిషి నిలబడింది నేను చూడలే. 2016లో సుప్రీం కోర్టు జగ్జీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగులకి కూడా సమాన పనికి సమాన వేతనం వర్తిస్తదని చెప్పింది, కానీ ఏజెన్సీ మధ్యలో ఉంటే ‘మీరు మా ఉద్యోగులే కాదు’ అని ఆఫీసు వాళ్ళు చేతులు దులుపుకుంటున్నరు. 2025 నవంబర్ 21 నుంచి ఇట్లాంటి పాత చట్టాల బదులు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి, ఏడో తారీఖు లోపు జీతం ఇవ్వాలంట, మంచిదే, కానీ కాంట్రాక్ట్ లేబర్ నిబంధనలు ఇదివరకు కేంద్ర చట్టం ప్రకారం 20 మంది ఉంటే వర్తించేవి, ఇప్పుడు 50 మంది ఉండాలి. మా ఆఫీసు లాంటివి ఆ లిమిట్ కిందికి పోతాయేమోనని నా భయం.

ఇంకొకటి, ఇది రాయకుండా ఉండలేను. రెగ్యులర్ పోస్టు అయితే నోటిఫికేషన్, రోస్టర్ పాయింట్లు (ఏ పోస్టు ఏ రిజర్వేషన్‌కో చెప్పే వరస), ఆడవాళ్ళకి మూడో వంతు, అన్నీ ఉంటయి. ఏజెన్సీ పెట్టే పోస్టుకి ఓనర్ ఫోన్‌లో చెప్పే పేరే నోటిఫికేషన్. నాతో పాటు చేరిన ఒక ఆపరేటర్ కాన్పుకి పోయింది, ఈఎస్ఐలో 26 వారాల ప్రసూతి సెలవు జీతం వస్తదని మేమే ధైర్యం చెప్పి పంపినం. తీరా చూస్తే ఏజెన్సీ వాళ్ళు కొన్ని నెలలు కోసుకున్నరు కానీ కట్టలేదు, క్లెయిమ్ రాలేదు. తిరిగొచ్చేసరికి ఆమె కుర్చీలో ఒక అబ్బాయి కూర్చున్నడు. ‘టెండర్ మారింది, లిస్టులో మీ పేరు లేదు’ అన్నరు. ఆమె వాటర్ బాటిల్, స్వెటర్ ఇంకా నా సొరుగులోనే ఉన్నయి. బిల్లులో మాత్రం ఏ తేడా లేదు, ఆ నెల కూడా ఆపరేటర్లు 5, యూనిట్ నంబర్స్.

డల్లాస్‌లో ఉన్న మా బావకి ఫోన్‌లో ఇదంతా చెప్తే, వాళ్ళ కంపెనీ ప్రభుత్వ కాంట్రాక్టులు చేస్తది, ఏటా ఏ ఉద్యోగంలో ఎంతమంది ఆడ, మగ, ఏ జాతి వాళ్ళు అని పట్టిక నింపి సర్కారుకి పంపుతరు అని చెప్పాడు. అక్కడ 1965లో జాన్సన్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు ఒక ఆర్డర్ ఇచ్చాడంట, ప్రభుత్వ సొమ్ము తీసుకునే కాంట్రాక్టర్ వివక్ష చూపొద్దు, చూపట్లేదని లెక్కలతో చూపించాలి అని. అరవై ఏళ్ళు నడిచిన ఆ ఆర్డర్‌ని 2025 జనవరిలో ట్రంప్ రాగానే రద్దు చేశాడు. వంద మంది దాటిన కంపెనీలు ఆ పట్టిక మాత్రం ఇంకా పంపుతున్నయంట. జీతాల వివరాలు కూడా అడిగారు కానీ 2017, 2018 రెండేళ్ళకి తీసుకుని ఆపేశారంట. అక్కడంతా బాగుందని చెప్పట్లేదు నేను, మా బావే అక్కడ తనకంటే తక్కువ జీతానికి చేస్తున్న ఆడవాళ్ళ గురించి చెప్తడు. కనీసం లెక్క అంటూ ఒకటి ఉంటే కోర్టుకి పోయినా, ధర్నాకి పోయినా చేతిలో ఒక కాగితం ఉంటది.

మన దగ్గర లెక్క తీయడం చేతకాక కాదు. మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ళని కేంద్ర ప్రభుత్వమే నమస్తే స్కీం కింద లెక్కపెట్టింది, 2024లో వచ్చిన వివరాల్లో 38,000 మందిలో దాదాపు 69 శాతం ఎస్సీలే, ఎస్టీ, బీసీలు కూడా కలిపితే 92 శాతం దాకా. ఆ పని ఎవరు చేస్తున్నరో అందరికీ తెలిసిందే, అయినా అంకె బయటికొచ్చినంక మాట్లాడక తప్పలేదు కదా. అదే పని ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, హాస్టళ్ళలో కాంట్రాక్టర్ల కింద చేసేవాళ్ళకి ఎందుకు చేయరు?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు సార్. పర్మినెంట్ చేయమని ఈ ఉత్తరంలో అడగట్లేదు, అది యూనియన్ వాళ్ళు అడుగుతున్నరు. ఏజెన్సీ బిల్లు ట్రెజరీకి పోయే ముందు దానికి ఒక షీటు జోడించమనండి. ఏ పోస్టులో ఎంతమంది ఆడ, ఎంతమంది మగ, ఏ కేటగిరీ, ఎన్నేళ్ళ సర్వీసు, పోయిన నెల ఖాతాలో నిజంగా పడింది ఎంత, పీఎఫ్ కట్టిన చలానా నంబర్ ఎంత. పేర్లు తీసేసి ఆ షీటు నోటీస్ బోర్డు మీద అంటించమనండి. ఇందులో ప్రభుత్వానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, నాలాంటి ఆపరేటర్‌కి అరగంట పని. మీ పేపర్ రిపోర్టర్లు కూడా జీతాలు ఆగినప్పుడే కాకుండా జీతాలు పడ్డ నెలలో ఒకసారి వచ్చి ఎంత పడ్డదని అడగండి.

చేసి చూపిద్దామని పోయిన నెల బిల్లుకి నేనే ఆ కాలమ్స్ కలిపి టైప్ చేశా, మా అక్కలందరి దగ్గర పాస్‌బుక్‌లు అడిగి పడ్డ అమౌంట్ వేశా. మా సూపరింటెండెంట్ సార్ మంచాయనే, కళ్ళజోడు పైకి ఎత్తి చాలాసేపు చూశారు. ‘అమ్మా, ఈ గడులు ఫార్మాట్‌లో లేవు, ట్రెజరీ వాళ్ళు అబ్జెక్షన్ పెట్టి తిప్పి పంపితే మీ జీతాలే ఇంకో నెల లేటయితయి’ అన్నారు. అది కూడా నిజమే. ఆ కాలమ్స్ తీసేసి పాత ఫార్మాట్‌లోనే ప్రింట్ తీసి ఇచ్చా.

ఇట్లు
ఒక అవుట్‌సోర్సింగ్ ఆపరేటర్, కరీంనగర్ జిల్లా
(పేరు వేయొద్దని మనవి)