వార్షిక నివేదిక: పటంలో మన ఊళ్ల పేర్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పని దాదాపు అంతా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊళ్లు, స్టేషన్లు, వీధుల తెలుగు పేర్ల చుట్టూనే తిరిగింది. 2004లో మొదలైన ఈ ఇంటర్నెట్ పటాన్ని ఎవరైనా దిద్దవచ్చు కాబట్టి అందులో తప్పులు చేరడమూ సులువే. ఈసారి ముందుగా మన తప్పే చెప్పుకోవాలి.

పని త్వరగా తెమిలిపోతుందని ఏడాది మొదట్లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, ఇంగ్లిష్ పేర్లను తెలుగు లిపిలోకి మార్చి గంపగుత్తగా ఎక్కించాం. ఇంగ్లిష్ స్పెల్లింగుకు మన దీర్ఘాలు తెలియవు, ద-డ తేడా అసలే తెలియదు. దాంతో గూడూరు కాస్తా 'గుదుర్' అయింది, కొత్తగూడెం 'కోతగుదెం' అయింది. కాచిగూడది ఇంకో తమాషా. స్టేషన్ బోర్డు మీద తెలుగులో శుభ్రంగా 'కాచిగూడ' అని ఉంటుంది. ఇంగ్లిష్‌లో మాత్రం 'కాచెగూడ' అని చదువుకునేలా రాస్తారు. ప్రోగ్రామ్ పట్టుకున్నది ఆ రెండోదాన్నే.

ఇదంతా వెనక్కి తీయడానికే వేసవి గడిచిపోయింది. పేరు లేని ఊరు కనిపిస్తే ఎవరూ రాయలేదనుకుంటారు. తప్పు పేరు కనిపిస్తే నమ్మేస్తారు. అందుకే ఇకపై బోర్డు ఫోటో గానీ, ఆ ఊరివాళ్ల మాట గానీ లేకుండా తెలుగు పేరు గడిని (పటంలో ఒక్కో భాష పేరుకు ఒక్కో గడి ఉంటుంది) ముట్టుకోకూడదని తీర్మానించాం. కంపెనీల మ్యాపుల్లో చూసి రాయడం లైసెన్సు రీత్యా ఎలాగూ కుదరదు.

బోర్డుల్లో మనకు బాగా అక్కరకొచ్చేవి రైల్వేవి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ ఒకే ఫోటోలో దొరుకుతాయి. హైదరాబాద్‌లో చాలాచోట్ల ఉర్దూ కూడా ఉంటుంది. తెలంగాణ అంతటా 2017 నుంచి ఉర్దూ రెండో అధికార భాష కాబట్టి ఆ గడీ నింపాలి. కానీ మనలో ఉర్దూ చదవగలిగింది ఇద్దరే. పాతబస్తీ గల్లీలన్నీ పాపం వాళ్ల నెత్తినే పడ్డాయి.

రాజమండ్రి మీద గ్రూపులో రెండు రోజులు వాదన నడిచింది. 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది గానీ, బస్సు కండక్టర్ ఇప్పటికీ 'రాజమండ్రి, రాజమండ్రి' అనే పిలుస్తాడు. చివరికి అధికారిక పేరును తెలుగు పేరు గడిలో, వాడుక పేరును ప్రత్యామ్నాయ గడిలో పెట్టాం. ఇప్పుడు ఏ పేరుతో వెతికినా ఊరు దొరకాలి. ఓరుగల్లు పాత పేరు గడిలోకి వెళ్లింది. ఒడిశాలోని బరంపురానికి తెలుగు గడిలో మనం పిలిచే పేరే రాశాం. ప్రధాన పేరు అక్కడి మ్యాపర్ల వ్యవహారం, దాని జోలికి పోలేదు.

ఇక టైపింగ్ సంగతి. మహబూబ్‌నగర్, కూకట్‌పల్లి లాంటి పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం వేయాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది పడకపోతే 'మహబూబ్నగర్' అని బ కింద న ఒత్తుగా అతుక్కుపోతుంది. కొన్ని యాప్‌లలో వెతికినా దొరకదు. కొన్ని వెబ్ మ్యాపుల్లోనేమో పేరు సరిగ్గా రాసినా ఒత్తులు ఊడి పక్కన పడతాయి. అది చూపించే సాఫ్ట్‌వేర్ లోపం, రాసినవాళ్లది కాదు. ఇద్దరు ముగ్గురు టెన్షన్ పడి సరైన పేర్లనే మార్చేశారు. దయచేసి మార్చకండి.

తేలని విషయం ఒకటుంది. మన ఊళ్లలో చాలావాటికి ప్రధాన పేరు గడిలో ఇంగ్లిషే ఉంది, మామూలు పటం మీద కనిపించేది ఆ గడే. అక్కడ తెలుగు ఉండాలని సగం మంది, బయటినుంచి వచ్చేవాళ్లకు ఇబ్బందని సగం మంది. నా ఓటు తెలుగుకే. అయినా ఓటింగ్ పెట్టకుండా వాయిదా వేశాం.

జమాఖర్చులు విడిగా పంపాం. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు మీ ఊరి బస్టాండు బోర్డు ఫోటో ఒకటి తెండి. చుట్టుపక్కల పేటలు, గూడేల పేర్లు పెద్దవాళ్లనడిగి కాగితం మీద రాసుకొస్తే, అదే రోజు కూర్చుని ఎక్కించేద్దాం.

— కార్యదర్శి